రిబ్బన్ కట్ అయ్యాక అసలు పని: తిరుపతి దగ్గర ఒక ప్రభుత్వ చిప్ పరిశోధన కేంద్రం, కేస్ స్టడీ

ప్రభుత్వ డబ్బుతో కట్టిన చిప్ పరిశోధన కేంద్రం ఎప్పుడు తెరిచినట్టు? శిలాఫలకం మీద ఒక తేదీ ఉంటుంది. ఆడిట్ వాళ్ల దగ్గర ఇంకో తేదీ ఉంటుంది. నా లెక్క వేరే. ఆ సంస్థలో ఉద్యోగి కాని, అక్కడ విద్యార్థి కాని బయటి మనిషి తన డిజైన్ పట్టుకొచ్చి, వేఫర్ (చిప్‌లు తయారయ్యే పలుచని బిళ్ల) మీద పని చేసుకుని, కొలతలు చేతిలో పట్టుకుని వెళ్లిన రోజున తెరిచినట్టు. శిలాఫలకం తేదీకీ ఈ రోజుకీ మధ్య తిరుపతి శివార్లలోని ఒక ప్రభుత్వ విద్యాసంస్థలో ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. క్లీన్‌రూమ్ (దుమ్ము లేకుండా ఉంచే గది) గాలి, నీళ్లు, గ్యాసులు, కరెంటు, వాటిని నడిపే మనుషులు నా బాధ్యత. మిషన్ల గురించి గొప్పగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, మిషన్ వెనకాల ఉన్నదాని గురించే ఎక్కువ రాస్తాను.

ఏం కట్టాలి, ఏం కట్టకూడదు

"అధునాతన చిప్" అనగానే అందరికీ నానోమీటర్లే గుర్తొస్తాయి. బెల్జియంలోని లూవెన్‌లో ఐమెక్ సంస్థ నానోఐసీ అనే పైలట్ లైన్ చేపట్టింది. 2 నానోమీటర్ల తర్వాతి తరం చిప్‌ల కోసం అది. 2024లో ప్రకటించినప్పుడు చెప్పిన మొత్తం ఖర్చు 250 కోట్ల యూరోలు. అందులో 140 కోట్లు ప్రజాధనం, మిగతాది ఏఎస్‌ఎమ్‌ఎల్ (చిప్ మిషన్ల తయారీ సంస్థ) లాంటి కంపెనీలు పెట్టుకునేది. ఒక్క పరిశోధన లైన్‌కి అంత డబ్బు. మన దేశంలో 2021 డిసెంబర్‌లో మొత్తం సెమీకండక్టర్ కార్యక్రమానికి కేటాయించింది 76,000 కోట్ల రూపాయలు. అందులోనే ఫ్యాబ్‌లు (చిప్ ఫ్యాక్టరీలు), ప్యాకేజింగ్ ప్లాంట్లు, డిజైన్ ప్రోత్సాహకాలు అన్నీ రావాలి. ఒక విద్యాసంస్థకు వచ్చే గ్రాంటుతో లూవెన్‌తో పోటీకి దిగితే నవ్వులపాలవుతాం. అందులో దాపరికం అక్కర్లేదు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మాకు దారి చూపింది మన ప్రాంతమే. రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు ఉన్నాయి. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీసిటీ తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఫోన్లు, టీవీ ప్యానెళ్లు, వాటి విడిభాగాలు ఇక్కడే తయారవుతున్నాయి. వీటన్నిటికీ కావాల్సింది చార్జర్లు, పవర్ సప్లైలు. ఈ రోజు చిన్న సైజులో ఎక్కువ వాట్లు ఇచ్చే ఫోన్ చార్జర్ విప్పి చూస్తే, లోపల గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్ ఉండే అవకాశం ఎక్కువ. ఎలక్ట్రాన్‌ను కదిలించి కరెంటు మోయించడానికి కావాల్సిన శక్తిని బ్యాండ్‌గ్యాప్ అంటారు. సిలికాన్ బ్యాండ్‌గ్యాప్ 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, గాలియం నైట్రైడ్‌ది 3.4. అందుకే అది ఎక్కువ వోల్టేజీని తట్టుకుంటుంది, వేగంగా స్విచ్ అవుతుంది, తక్కువ వేడెక్కుతుంది. ఈ ట్రాన్సిస్టర్లో గేటు (కరెంటును ఆపి, వదిలే భాగం) పొడవు ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉన్నా పరిశోధన నడుస్తుంది. కాంతితో వేఫర్ మీద నమూనా ముద్రించే లితోగ్రఫీకి కోట్లాది యూరోల మిషన్ అక్కర్లేదు. 365 నానోమీటర్ల కాంతితో పనిచేసే మాస్క్ అలైనర్ చాలు.

ఇంకో నిర్ణయం కూడా అప్పుడే తీసుకున్నాం. ఇప్పటికీ అది సరైనదే అంటాను. గాలియం నైట్రైడ్ పొరను మేమే పెంచుకోవాలా, సిలికాన్ మీద పెంచిన వేఫర్లను కొనుక్కోవాలా? పెంచాలంటే పెద్ద రియాక్టర్, పెద్ద మొత్తంలో అమోనియా, హైడ్రోజన్ కావాలి. మీటింగ్‌లో ప్రొఫెసర్లలో కొందరికి రియాక్టర్ మీదే మనసు. పేపర్లు రావాలంటే అదే కావాలన్నారు, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. కానీ రియాక్టర్ ఒక్కటే బడ్జెట్‌లో సగానికి పైగా తినేసి, డివైస్ చేసే లైన్‌ని ఎండగడుతుంది. చివరికి 6 అంగుళాల రెడీమేడ్ వేఫర్లు కొని, వాటి మీద ఎచింగ్ (చెక్కడం), లోహపు కాంటాక్ట్‌లు, గేటు, సిలికాన్ నైట్రైడ్ కవచం ఇక్కడే చేయాలని ఖాయం చేశాం. ఆ రోజు రియాక్టర్ వైపే మొగ్గి ఉంటే, ఈ కేస్ స్టడీ రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

తేమ

ఈ ప్రాజెక్టులో ఎక్కువ తలనొప్పి పెట్టింది తేమ. రాయలసీమ అంటే ఎండలు గుర్తొస్తాయి గానీ తేమ ఎవరికీ గుర్తు రాదు. డిజైన్ చేసిన కన్సల్టెన్సీకీ గుర్తు రాలేదు. డ్రాయింగుల్లో బయటి గాలి అంటే మే నెల మధ్యాహ్నపు గాలే. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, గాలి పొడి. ఏసీకి అదే అన్నిటికంటే పెద్ద భారం అనుకుని చిల్లర్లు (నీటిని చల్లబరిచే యంత్రాలు) లెక్కకట్టారు.

మన వైపు అసలు పరీక్ష అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగిన రోజులు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఆ వరద గుర్తుండబట్టే ప్లాంట్ రూమ్ నేలను ఎత్తుగా లేపించాం, దాంట్లో ఇబ్బంది రాలేదు. కానీ గాలిలో ఉండే నీటి సంగతి వేరు. మే మధ్యాహ్నం 42 డిగ్రీల దగ్గర తేమ 25 శాతం ఉంటే కిలో గాలిలో 13 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. నవంబర్ ముసురులో ఉష్ణోగ్రత 27 డిగ్రీలే అయినా కిలోకి 20 గ్రాములు దాకా ఉంటుంది. క్లీన్‌రూమ్‌లో 21 డిగ్రీల దగ్గర 45 శాతం తేమ కావాలంటే ఉండాల్సింది 7 గ్రాములు. ఉష్ణోగ్రత లెక్కలో నవంబర్ తేలిక, నీటి లెక్కలో మాత్రం నవంబరే గండం.

ఆ 7 గ్రాములకు దించాలంటే గాలి డ్యూ పాయింట్ (ఆవిరి నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) సుమారు 8.6 డిగ్రీలకు రావాలి. మా చిల్లర్లు ఇచ్చేవి 7 డిగ్రీల నీళ్లు, ఆఫీసు బిల్డింగులకు ఇచ్చినట్టే. ఆ నీళ్లు ప్రవహించే కాయిల్ దాటిన గాలి 11, 12 డిగ్రీల కంటే కిందికి దిగదు. 12 డిగ్రీల డ్యూ పాయింట్ ఉన్న గాలిని మళ్లీ 21 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 56 శాతం. బయట ముసురు పట్టాక, మనుషులు లోపలికీ బయటికీ తిరుగుతుంటే, అది 60 కూడా దాటుతుంది. చిల్లర్‌ను ఎంత గట్టిగా నడిపినా ఆ కాయిల్‌తో ఇంతకంటే రాదు. ఈ విషయాన్ని ఏ రిపోర్టు కంటే ముందే చెప్పింది మా ఏసీ మెకానిక్, చంద్రగిరి వైపు మనిషి. కాయిల్ మీద చెయ్యి పెట్టి చూసి, "ఇది పెండ్లి హాలుకు సరిపోద్ది సామీ, దీనికి చాలదు" అన్నాడు. డ్యూ పాయింట్ లెక్క నేను వేసి చూపించాక కన్సల్టెన్సీ ఒప్పుకుంది. ఆయన మాత్రం చేత్తోనే తేల్చేశాడు.

తేమ ఎక్కువైతే వేఫర్‌కి ఏమవుతుంది? లితోగ్రఫీ బల్ల మీద కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఫోటోరెసిస్ట్ (కాంతి పడితే మారే పూత) పోసే ముందు వేఫర్ పైన ఉన్న నీటి పొరను వేడి చేసి తీసేసి, హెచ్‌ఎమ్‌డీఎస్ అనే రసాయనపు ఆవిరి పట్టిస్తాం. రెసిస్ట్ అంటుకోవడానికి అది జిగురు లాంటిది. గదిలో తేమ ఎక్కువైతే హాట్‌ప్లేట్ నుంచి రెసిస్ట్ పూసే కోటర్ దాకా తీసుకెళ్లే లోపే ఉపరితలం మళ్లీ నీరు పట్టేస్తుంది. రెసిస్ట్ బాగానే కూర్చుంటుంది, ఎక్స్‌పోజర్ బాగానే అవుతుంది. డెవలపర్‌లో ముంచాక సన్నని గేటు గీతలు చివర్ల నుంచి లేచిపోవడం మొదలవుతుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే గీత ఒక కొస పైకి లేచి, పక్కకు వంగి, పక్క గీత మీద పడి ఉంటుంది. రెసిస్ట్ పాతబడిందనుకుని సీసా మార్చారు. డెవలపర్ మార్చారు. చివరికి మా టెక్నీషియన్ లాగ్‌బుక్‌లో గదిలోని తేమ, ఫలితం పక్కపక్కన రాసి చూపించాక విషయం తేలింది. తేమ 50 శాతం కంటే కింద ఉన్న రోజుల్లో గీతలు నిలబడ్డాయి.

మరి పూర్తిగా ఎండగొట్టేస్తే సరిపోతుందా అంటే, అదీ కుదరదు. ఈ రకం పాజిటివ్ రెసిస్ట్‌లో కాంతి పడ్డాక జరిగే రసాయన చర్యకు కాస్త నీరు కావాలి. మరీ పొడిగా ఉంటే ఎక్స్‌పోజ్ అయిన చోటు సరిగ్గా కరగదు, పైగా స్టాటిక్ కరెంటు పెరుగుతుంది. అందుకే 40 నుంచి 50 మధ్య అని గీత గీసుకున్నాం.

పరిష్కారానికి రెండు దారులు కనిపించాయి. సిలికా జెల్ చక్రంతో గాలిని ఎండబెట్టే డెసికెంట్ డీహ్యుమిడిఫైయర్ ఒకటి. బయటి గాలికి మాత్రం వేరే చిన్న చిల్లర్ పెట్టి, గ్లైకాల్ కలిపిన చల్లటి నీటితో దాన్ని ముందే ఎండగట్టి లోపలికి పంపడం రెండోది. మొదటిదానికి చక్రాన్ని మళ్లీ మళ్లీ వేడి చేయాలి, ఆ కరెంటు ఏడాది పొడవునా పడుతుంది. రెండోదాన్ని ఎంచుకున్నాం. తేమ ఎక్కువగా వచ్చేది బయటి గాలితోనే కాబట్టి దాన్ని గడప దగ్గరే ఆపాలని. లోపల తిరిగే గాలికి పాత చిల్లర్లే సరిపోతున్నాయి. ఆ చిన్న చిల్లర్ వచ్చాక ముసురు రోజుల్లోనూ గ్రాఫ్ 45 చుట్టూనే ఉంది.

అదే తేమ ఇంకోచోట కూడా ఇబ్బంది పెట్టింది. గాలియం నైట్రైడ్‌ను చెక్కడానికి క్లోరిన్, బోరాన్ ట్రైక్లోరైడ్ గ్యాసులు వాడతాం. బోరాన్ ట్రైక్లోరైడ్‌కి తేమ తగిలితే తెల్లటి పొడి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారవుతాయి. మెయింటెనెన్స్ కోసం చాంబర్ తెరిచినప్పుడు, సిలిండర్ మార్చినప్పుడు గ్యాస్ లైన్‌లో తేమ చొరబడితే, ఆ పొడి రెగ్యులేటర్‌ను మూసేస్తుంది, ఆమ్లం స్టీల్‌ను తినేస్తుంది. లైన్‌ను నైట్రోజన్‌తో ఎంతసేపు ఊదాలో గోడ మీద రాసి పెట్టాం. అందులో తొందరపడే వెసులుబాటు ఎవరికీ ఇవ్వలేదు, డైరెక్టర్ గారి విజిటర్లు వచ్చినా సరే.

బోరు నీళ్లు, మీటర్ చెప్పని సంగతి

చిత్తూరు, తిరుపతి జిల్లాల బోరు నీళ్లు గట్టివని ఇక్కడ ప్రతి గృహిణికీ తెలుసు. గీజర్ రాడ్ మీద తెల్లగా పేరుకునేది సున్నం. చిప్ తయారీలో దాన్ని తీయడం కష్టం కాదు. సాఫ్ట్‌నర్, ఆర్ఓ చూసుకుంటాయి. గ్రానైట్ నేల నుంచి వచ్చే నీటిలో ఉండే సిలికాయే తల తినేది.

అల్ట్రా ప్యూర్ నీటికి అందరూ చూసే సంఖ్య 18.2 మెగాఓమ్ సెంటీమీటర్లు. 25 డిగ్రీల దగ్గర నీరు చేరగలిగిన గరిష్ఠ నిరోధం అది. మీటర్ మీద ఆ సంఖ్య కనిపిస్తే ప్లాంట్ ఆపరేటర్ సంతకం పెట్టేస్తాడు. అయితే నీటిలో కరిగిన సిలికా దాదాపుగా అయాన్లుగా విడిపోదు. కరెంటును మోయదు. నీటిలోని అయాన్లను పట్టుకునే మిక్స్‌డ్ బెడ్ రెజిన్ అయిపోవచ్చినప్పుడు మొదట జారిపోయేవి సిలికా, బోరాన్. అవి జారిపోతున్నా మీటర్ 18 చూపిస్తూనే ఉంటుంది. వేఫర్ ఆరాక గుండ్రటి మచ్చలు, కొన్నిసార్లు దీపం వాలుగా పట్టి చూస్తే తప్ప కనిపించనివి, అప్పుడు బయటపడతాయి. ఆ మచ్చ మీద గేటు పడితే లీకేజ్ పెరుగుతుంది.

మా దగ్గర ఇది పెద్ద నష్టం కాకముందే దొరికింది. టెక్నీషియన్లలో ఒకామె నీటి మచ్చలను ఫోటో తీసి తేదీల వారీగా ఫైల్ చేసేది. రెజిన్ మార్చిన రోజుకూ మచ్చలు మొదలయ్యే రోజుకూ సంబంధం ఆ ఫైల్‌లోనే తెలిసింది. ఇప్పుడు మీటర్ చూసి కాకుండా, గడిచిన నీటి పరిమాణాన్ని లెక్కపెట్టి రెజిన్ మారుస్తాం. వీలైన మేరకు బోరు బదులు మున్సిపల్ సరఫరా నీటినే తీసుకుంటున్నాం. కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లలో ఈ బాధ తక్కువ.

కరెంటు, గ్యాసు

కరెంటు గురించి పెద్దగా చెప్పేది లేదు. పోతే జనరేటర్ ఉంది. ఇబ్బంది కరెంటు పూర్తిగా పోవడం వల్ల కాదు, రెప్పపాటు కాలం వోల్టేజ్ తగ్గడం వల్ల. లైటు ఒక్కసారి మిణుకుమంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, ఎచింగ్ మిషన్ మాత్రం ఆగిపోతుంది, లోపల ఉన్న వేఫర్ సగం చెక్కబడి మిగిలిపోతుంది. సెమీ ఎఫ్47 అనే ప్రమాణం ప్రకారం మిషన్ వోల్టేజ్ సగానికి పడినా 200 మిల్లీసెకన్ల పాటు తట్టుకోవాలి. టెండర్‌లోనే ఆ మాట రాయించాం. పాత మోడళ్లు చవగ్గా వస్తాయని చూపించి అమ్మేవాళ్లకు అది నచ్చలేదు. ఏమైనా సరే, ఆ ఒక్క వాక్యం దిద్దడానికి వీల్లేదని పట్టుబట్టాం.

గ్యాసు విషయంలో ఓపిక కావాలి. సైలేన్ అనే గ్యాసు గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది. క్లోరిన్ గురించి చెప్పనక్కర్లేదు. ఇవి వాడాలంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతులు, గ్యాస్ క్యాబినెట్లు, డిటెక్టర్లు, వాడిన గ్యాసును కడిగే స్క్రబ్బర్, ఊళ్లో ఫైర్ స్టేషన్ వాళ్లకు ముందే శిక్షణ, ఇవన్నీ ఉండాలి. ఫైర్ స్టేషన్ సిబ్బందిని పిలిచి, ఏ సిలిండర్ ఎక్కడ ఉందో, దేని మీద నీళ్లు కొట్టకూడదో చూపించాం. వాళ్లు అడిగిన ప్రశ్నలు ప్రొఫెసర్లు అడిగినవాటికంటే పనికొచ్చాయి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడే బల్ల పక్కన, ఒంటి మీద పడితే పూయడానికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎప్పుడూ ఉండాలి. అది గడువు దాటిందో లేదో నెలనెలా చూసే బాధ్యత ఒక మనిషి పేరు మీద రాసి ఉంటుంది.

కుంకుమ డబ్బీ

గాలి శుభ్రత ప్రమాణాల్లో ఐఎస్‌ఓ 5 గది అంటే ఘనపు మీటరు గాలిలో అర మైక్రాన్, అంతకంటే పెద్ద రేణువులు 3,520కి మించకూడదు. మామూలు బయటి గాలికి దగ్గరగా ఉండే ఐఎస్‌ఓ 9లో అవి 3 కోట్ల 52 లక్షల దాకా ఉండొచ్చు. ఫిల్టర్లు గాలిని కడుగుతాయి. లోపలికి దుమ్ము తెచ్చేది మనుషులే. తిరుపతిలో పెట్టిన క్లీన్‌రూమ్‌కి అమెరికా పుస్తకంలోని నియమాలు కాగితం మీద అతికించేస్తే సరిపోదు. ఇక్కడ పనికి వచ్చేవాళ్ల నుదుటి మీద నామం ఉంటుంది, విభూతి ఉంటుంది, పసుపు కుంకుమలు ఉంటాయి. జడలో మల్లెలు ఉంటాయి, తలకు కొబ్బరి నూనె ఉంటుంది. తలనీలాలు ఇచ్చి కొండ దిగి, గుండుకు గంధం పట్టించుకుని నేరుగా డ్యూటీకి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆరిన గంధం రేకులుగా రాలుతుంది. హుడ్ వేసుకున్నా మెడ దగ్గర నుంచి బయటికి వస్తుంది. పార్టికల్ కౌంటర్ అది వెంటనే చెప్పేస్తుంది.

"బొట్టు నిషేధం" అని బోర్డు పెడితే పని అయిపోయేది, మనసులు విరిగేవి. అందుకని సిబ్బందినే కూర్చోబెట్టి అడిగాం. శ్రీసిటీలో ఫోన్ అసెంబ్లీ లైన్లలో పనిచేసి మా దగ్గరికి వచ్చిన అమ్మాయిలు ఉన్నారు. గౌను, గ్లవ్స్, స్టాటిక్ పట్టీ విషయంలో వాళ్ల క్రమశిక్షణ నేను ఇంతవరకు చూసినవాటిలో గొప్పది. వాళ్లలో ఒకామె, "కడుక్కుని లోపలికి పోతాం సార్, దానికేం. కానీ ఇంటికి పొయ్యేటప్పుడు బోసి మొహంతో పొయ్యేది బాగుండదు కదా. బయట అద్దం, కుంకుమ డబ్బీ పెట్టించండి" అంది. అదే చేశాం. గౌనింగ్ గదికి ముందు వాష్ బేసిన్, బయటికి వచ్చే దారిలో అల్మారా, అందులో అద్దం, కుంకుమ, విభూతి, పూలు పెట్టుకోవడానికి చిన్న బుట్టలు. గుండు చేయించుకున్నవాళ్లు ఇంట్లో తలస్నానం చేసి మర్నాడు రావాలన్నది కూడా వాళ్లు పెట్టుకున్న నియమమే. ఆ తర్వాత ఎవరికీ గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు.

ప్రారంభోత్సవం నాడూ ఇదే ప్రశ్న వచ్చింది. పూజ లేకుండా ఇక్కడ ఏదీ మొదలవదు, మొదలవకూడదని నేను కూడా అనుకుంటాను. అయ్యవారికి లోపలి సంగతి విడమర్చి చెప్పాం. కర్పూరం, కొబ్బరికాయ, గుమ్మడికాయ అన్నీ బిల్డింగ్ బయటి మెట్ల దగ్గర. "మరి మిషన్లకి బొట్టు?" అని అడిగారాయన. లోపల మిషన్లను వదిలేసి, ప్లాంట్ రూమ్‌లో చిల్లర్లకు, పంపులకు, జనరేటర్‌కు పసుపు కుంకుమలు పెట్టారు. అప్పటినుంచి దసరాకు ఆయుధ పూజ ప్లాంట్ రూమ్‌లోనే. ఆ వేళ క్లీన్‌రూమ్‌లోకి ఎవరూ వెళ్లరు, పూజ చేసినవాళ్లు బట్టలు మార్చుకున్నాకే గౌనింగ్ గది తాళం తీస్తారు.

డబ్బు ఎక్కడ చిక్కుకుంటుంది

ప్రభుత్వ గ్రాంటులో రెండు హెడ్‌లు ఉంటాయి. మిషన్లు కొనడానికి క్యాపిటల్, నడపడానికి రికరింగ్. మొదటిది మంజూరు చేయించుకోవడం కష్టమే గానీ అవుతుంది. రెండోది నోరు తెరిచి అడగడానికే సంస్థలు మొహమాటపడతాయి. వేఫర్లు, రెసిస్ట్, లోహాలు, పంపు ఆయిల్, ఫిల్టర్లు, టెక్నీషియన్ల జీతాలు, వారంటీ అయ్యాక ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం), అన్నిటికంటే ముందు కరెంటు బిల్లు. మా దగ్గర మొదటి కరెంటు బిల్లు అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లినప్పుడు అక్కడి సార్ నేరుగా క్లీన్‌రూమ్‌కి వచ్చి, రాత్రిపూట ఎవరూ లేనప్పుడు ఏసీ ఎందుకు ఆపరని అడిగారు. సరైన ప్రశ్నే. ప్రజల డబ్బు చూసుకునే మనిషి అడగాల్సిందే అది.

గాలి పూర్తిగా ఆపేస్తే గది ఒత్తిడి పోతుంది. బయటి గాలి లోపలికి వస్తుంది, పొద్దున మళ్లీ శుభ్రం అయ్యి తేమ సర్దుకునేసరికి సగం రోజు పోతుంది. కానీ తగ్గించడానికి అడ్డేమీ లేదు. ఫ్యాన్ వాడే కరెంటు దాని వేగానికి ఘనంలో మారుతుంది. వేగం 60 శాతానికి తగ్గిస్తే కరెంటు 22 శాతానికి పడిపోతుంది. గది ఒత్తిడి పాజిటివ్‌గా ఉండేంత వేగం ఉంచి, రాత్రి తొమ్మిది తర్వాత ఫ్యాన్లను అంతకు దించేశాం. అకౌంట్స్ సార్‌కి మరుసటి బిల్లు చూపించినప్పుడు, తర్వాతి ఏడాది రికరింగ్ ప్రతిపాదన మీద సంతకం పెట్టడమే కాదు, దాన్ని ఎలా రాస్తే ఫైనాన్స్ కమిటీలో నిలబడుతుందో ఆయనే దిద్దిచ్చారు.

కొనుగోళ్లలో మరో చిక్కు. 2020లో 200 కోట్ల లోపు కొనుగోళ్లకు గ్లోబల్ టెండర్ పిలవకూడదన్న నిబంధన వచ్చాక, దేశంలో దొరకని మిషన్‌కి ప్రత్యేక అనుమతి కోసం ఫైలు పైదాకా వెళ్లాల్సి వచ్చేది. 2025లో పరిశోధన సంస్థల అధిపతులకే ఆ అధికారం ఇచ్చారు. ఇలాంటి కేంద్రం పెట్టాలనుకునే ఎవరికైనా నేను ముందు చెప్పే మాట, మిషన్ ధరతో పాటే మూడేళ్ల వారంటీ తర్వాతి ఏఎంసీ ధరను టెండర్‌లోనే కోట్ చేయించి, ఎల్1 (అతి తక్కువ ధర) లెక్కలో కలపమని. చవగ్గా మిషన్ అమ్మి, తర్వాత ఏఎంసీలో వసూలు చేసుకునే దారి అక్కడితో మూసుకుపోతుంది.

బయటి మనిషి

2008 నుంచి ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే తమ క్లీన్‌రూమ్‌లను దేశంలోని ఇతర కాలేజీల వాళ్లకు తెరిచిన ఐఎన్‌యూపీ పథకం మాకు నమూనా. అక్కడ నేర్చుకున్న ముఖ్యమైన విషయం, యూజర్ వచ్చేలోపు మన దగ్గర ఒక స్థిరమైన ప్రాసెస్ ఉండాలి. టైటానియం, అల్యూమినియం, నికెల్, బంగారం పొరలు వేసి నైట్రోజన్‌లో 850 డిగ్రీల దగ్గర 30 సెకన్లు కాల్చితే కాంటాక్ట్ రెసిస్టెన్స్ ఎంత వస్తుందో, వారం వారం అదే వస్తుందో లేదో ముందు మేమే నిరూపించుకోవాలి. లేకపోతే యూజర్ డివైస్ పాడైనప్పుడు తప్పు యూజర్ డిజైన్‌దా, మా లైన్‌దా అన్నది ఎప్పటికీ తేలదు.

మొదటి బయటి యూజర్ చిత్తూరు జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్. ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్నారు. గేటుకూ డ్రెయిన్ అనే కొసకూ మధ్య దూరం, ఫీల్డ్ ప్లేట్ అనే లోహపు పలక ఆకారం మారిస్తే బ్రేక్‌డౌన్ వోల్టేజ్ (ట్రాన్సిస్టర్ ఇక తట్టుకోలేని వోల్టేజ్) ఎలా మారుతుందన్నది ఆమె పని. ఇన్నేళ్లూ సిమ్యులేషన్‌లోనే చేశారు. వేఫర్‌ను నాలుగు ముక్కలు చేసి, మొదటి ముక్క మీదే అన్నీ పరీక్షించమన్నాం. ఆ ముక్క మీద కాంటాక్ట్‌లు ఓమిక్ కాలేదు, అంటే వోల్టేజీకి తగ్గట్టు కరెంటు సమంగా పెరగలేదు, గ్రాఫ్ గీత వంగి వచ్చింది. మా స్థిరమైన ప్రాసెస్‌తో చేసిన ముక్కను అదే రోజు, అదే ఫర్నేస్‌లో కాల్చితే బాగుంది. అంటే తేడా ఆమె శుభ్రం చేసిన పద్ధతిలో ఉంది. ఉపరితలం మీద ఆక్సైడ్ పోలేదు. ఆమ్లంలో ముంచిన వెంటనే లోహం వేసే చాంబర్‌లోకి పెట్టాలని మా టెక్నీషియన్ చేసి చూపించింది. రెండో ముక్క మీద గీత తిన్నగా వచ్చింది. "థాంక్స్ తల్లీ" అని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నారు. తర్వాతి రెండు ముక్కలతో ఆమె డేటా పూర్తయింది.

ఆ కొలతలు సంతకం చేసి ఇచ్చిన తేదీనే నేను ఈ కేంద్రం ప్రారంభ తేదీగా నా ఫైల్‌లో రాసుకున్నాను.

ఇప్పుడు చేతిలో ఉన్న పనులు మూడు. ఎచర్ వారంటీ అయిపోవస్తోంది, ఏఎంసీ ఒప్పందం మీద సంతకాలు కావాలి. క్లస్టర్‌లోని చిన్న కంపెనీలు విడి చిప్ కంటే ప్యాకేజీ చేసిన చిప్ అడుగుతున్నాయి. డైసింగ్ (వేఫర్‌ను చిప్‌లుగా కోయడం), వైర్ బాండింగ్ (చిప్‌ను సన్నని తీగలతో కలపడం) కోసం పక్క గదిని ఐఎస్‌ఓ 7కి సిద్ధం చేస్తున్నాం. మూడోది యూజర్ల కమిటీ తీర్మానం. బుకింగ్‌లో సొంత సంస్థ విద్యార్థులే స్లాట్లన్నీ నింపేస్తున్నారని బయటి కాలేజీల వాళ్లు ఫిర్యాదు చేశారు. వచ్చే త్రైమాసికం నుంచి లితోగ్రఫీ, ఎచర్ మీద వారంలో రెండు పూర్తి రోజులు బయటివాళ్లకే. వాళ్లు వాడుకోకపోతే ముందు రోజు సాయంత్రం ఐదు తర్వాతే లోపలివాళ్లకు తెరుచుకుంటాయి.